ఫ్లాప్ ఆపరేషన్ తరువాత కండ తీసిన చోటు: గాయం మానే వరకు, మచ్చ మెత్తబడే వరకు

నోటి క్యాన్సర్ గడ్డను తీసేసి దవడను తిరిగి కట్టినా, రొమ్ము తీసేసిన చోట పొట్ట కొవ్వుతో మళ్లీ ఆకారం తెచ్చినా, హైవే ప్రమాదంలో ఎముక బయటపడిన కాలిని కండతో కప్పినా, ఇంటిల్లిపాది దృష్టీ కొత్తగా అతికించిన భాగం మీదే ఉంటుంది. అది బతికిందా, రంగు బాగుందా, కుట్లు నిలిచాయా అని పూటపూటకీ అడుగుతారు. ఆ కండ, చర్మం, ఎముక తీసిన చోట కూడా అంతే పెద్ద గాయం ఉందన్న సంగతి డిశ్చార్జి రోజున గానీ గుర్తుకు రాదు. డ్రెస్సింగ్ గదిలో పనిచేసేవారికి మాత్రం ఆ రెండో గాయం కొత్త కాదు. "నోరు బాగానే ఉందమ్మా, తొడే మంట పుట్టిస్తోంది" అనే మాట విజయవాడలోనూ గుంటూరులోనూ మేము తరచుగా వింటాం. వైద్యులు డోనర్ సైట్ అనే ఈ చోటును ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలో, ఏ దశలో ఏమి చేయాలో, మచ్చ గట్టిపడకుండా ఎంతకాలం శ్రద్ధ పెట్టాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులోని తేదీలు సాధారణంగా వర్తించేవి. మీ సర్జన్ వేరుగా చెప్పి ఉంటే ఆ మాటనే పాటించండి.

ముందుగా తెలుసుకోవలసినది

ఫ్లాప్ అంటే రక్తనాళాలతో సహా తీసి మరోచోట అమర్చే కణజాలం. తీసిన చోటును మూసే పద్ధతులు ప్రధానంగా రెండు. చుట్టూ చర్మం వదులుగా ఉంటే అంచులు దగ్గరికి లాగి కుట్టేస్తారు; అప్పుడు మిగిలేది ఒక పొడవాటి గీత. వెడల్పు ఎక్కువై అంచులు కలవకపోతే వేరొక చోటి నుంచి, ఎక్కువగా తొడ నుంచి, పలుచని చర్మపు పొరను గీసి తెచ్చి అక్కడ అతికిస్తారు. ఈ రెండో పద్ధతిలో రోగికి ఒంటి మీద మొత్తం మూడు గాయాలు ఉంటాయి: జబ్బు తీసిన చోటు, కండ తీసిన చోటు, పలుచని చర్మం తీసిన చోటు. మూడూ మూడు రకాలుగా మానుతాయి కాబట్టి ఒకదానికి చెప్పిన జాగ్రత్తను ఇంకొకదానికి వర్తింపజేయకూడదు.

అందుకే ఇంటికి బయలుదేరే ముందు వార్డులోనే కొన్ని విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోండి. కండ ఎక్కడి నుంచి తీశారు, ఎముక కూడా తీశారా, నేరుగా కుట్టారా లేక చర్మం అతికించారా, కుట్లు లేదా పిన్నులు ఏ రోజున తీస్తారు, ఏ డ్రెస్సింగును ఇంట్లో అసలు ముట్టకూడదు, బరువు మోపవచ్చా. పల్నాడు నుంచో దివిసీమ నుంచో వచ్చి వెళ్లేవారు మధ్యలో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డ్రెస్సింగు మార్పించుకోవడం మామూలే. ఆ కాగితం ఆయన చేతికి ఇస్తే, అతికించిన చర్మాన్ని తెలియక ఊడబెరికే ప్రమాదం తప్పుతుంది.

ఆపరేషన్ ఇంకా జరగనివారికి ఒక్క మాట. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమే గుంటూరులో ఉంది; చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఇక్కడ ఎంత మామూలో చెప్పనక్కరలేదు. నికోటిన్ చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగిస్తుంది, దానివల్ల కుట్ల అంచులు నల్లబడి విడిపోతాయి. కనీసం 4 వారాల ముందే మానేయాలి, గాయాలన్నీ మానే వరకు మళ్లీ ముట్టకూడదు. ముంజేతి నుంచి ఫ్లాప్ తీస్తామని చెప్పి ఉంటే ఆ చేతికి సెలైన్ సూది గుచ్చనివ్వకండి. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులోకి తెచ్చుకునే పని ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టాలి.

మొదటి మూడు వారాలు

నేరుగా కుట్టిన గాయానికి తొలి రోజుల్లో పెద్దగా చేయవలసిందేమీ ఉండదు. డ్రెస్సింగు పొడిగా ఉంచాలి, కుట్ల మీద లాగుడు పడకుండా చూడాలి. గాయం లోపల చేరే నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టంతో ఇంటికి పంపితే రోజూ ఒకే సమయానికి డబ్బా ఖాళీ చేసి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, ఏ రంగులో ఉంది అన్నది రాసిపెట్టండి. సాధారణంగా 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తగ్గాకే గొట్టం తీస్తారు. తొందరపడి ముందే తీయించుకుంటే లోపల నీరు చేరుతుంది. వీపు కండ తీసినవారిలో ఇది మరీ ఎక్కువ: గొట్టం తీసిన కొన్ని రోజులకు వీపు మీద చేయి వేస్తే లోపల నీళ్లు కదిలినట్లు తెలుస్తుంది. దాన్ని నొక్కడం, కాపడం పెట్టడం చేయకూడదు. డాక్టరు సిరంజితో తీస్తారు, అవసరమైతే రెండు మూడుసార్లు తీస్తారు.

చర్మం అతికించిన చోట కట్టును సుమారు 5 రోజుల పాటు ఎవరూ విప్పరు. అతికించిన పొర కింది కణజాలం నుంచి రక్తనాళాలు అందుకోవడానికి ఆ సమయం కావాలి. ఆ లోపల కదలిక, రాపిడి, కింద రక్తం గడ్డ చేరడం, ఈ మూడూ దానిని చంపేస్తాయి. చేతికో కాలికో చెక్క లేదా పీఓపీ కట్టు వేసేది అందుకే. దురద పెడుతోందని దాన్ని వదులు చేసుకోకండి.

ఇక పలుచని చర్మం గీసిన తొడ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోగులు ఎక్కువగా బాధపడేదీ, ఇంట్లోవాళ్లు ఎక్కువగా పాడుచేసేదీ ఇక్కడే. పై పొర మాత్రమే పోయి నరాల కొసలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఈ గాయం లోతు తక్కువైనా మంట ఎక్కువ. మామూలుగా 10 నుంచి 14 రోజుల్లో, కొందరికి 3 వారాల్లో, వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన కణాల నుంచి కొత్త చర్మం పుట్టి పరుచుకుంటుంది. ఆ కణాలు పాకడానికి లోపలి పొర డ్రెస్సింగు కదలకుండా ఉండాలి. చాలా ఆసుపత్రుల్లో అది మైనం పూసిన జాలీ గుడ్డ; దాని మీద గాజ్ గుడ్డ, దూది, పైన క్రేప్ బ్యాండేజీ ఉంటాయి. మూడు నాలుగు రోజులకు పై దూది ఎర్రగా, తరువాత గోధుమ రంగుగా తడుస్తుంది. భయపడనక్కరలేదు. పై దూది, బ్యాండేజీ మార్పించుకోవచ్చు. గాయాన్ని అంటిన జాలీని మాత్రం లాగకూడదు. లాగితే అప్పుడే పుట్టిన చర్మం దానితోపాటే ఊడి వస్తుంది, రక్తం కారుతుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

పది రోజులు దాటాక ఆ జాలీ ఎండి, అట్టలా గట్టిపడి, అంచుల దగ్గర తనంతట తానే లేవడం మొదలవుతుంది. లేచినంత మేరకు శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, అంటుకుని ఉన్నదాన్ని అలాగే వదిలేయండి. రెండు రోజులకు ఇంకో వేలెడు లేస్తుంది, మళ్లీ కత్తిరించండి. నడుమ కొద్ది భాగం మొండిగా మిగిలితే గోరువెచ్చని శుభ్రమైన నీటితో పావుగంట తడిపి చూడండి. అప్పటికీ రాకపోతే అక్కడింకా మానలేదని అర్థం. కింద నుంచి బయటపడే చర్మం లేత గులాబీ రంగులో, ఉల్లిపొరంత పలుచగా మెరుస్తూ ఉంటుంది. ప్యాంటు రాపిడికి కూడా అది పొక్కుతుంది కాబట్టి కొన్ని వారాల పాటు మగవారికి లుంగీ, ఆడవారికి నైటీ మేలు. జాలీ కింద నుంచి చెడు వాసన, పచ్చటి రసి, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే అది మానే గాయం కాదు, ఇన్‌ఫెక్షన్. అప్పుడు ఎన్నో రోజు అన్నది చూడకుండా ఆసుపత్రికి రావాలి.

పసుపు, కాఫీ పొడి, బూడిద, ఆకు పసరు, వీటిలో ఏదీ మానని గాయం మీద వేయకండి. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కాదనడం కష్టమని నాకూ తెలుసు. అయినా ఆ పొడులు గాయంలో ఇరుక్కుపోతే వాటిని కడిగి తీయడానికి రోగి పడే బాధ వాళ్లు చూడరు, మేము చూస్తాం.

ఎక్కడి నుంచి తీశారన్న దాన్ని బట్టి

పిక్క ఎముకతో దవడ కట్టినవారి కాలికి అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కావాలి. పిక్క వైపు ఉండే సన్నని ఎముక శరీర బరువులో కొద్ది భాగాన్నే మోస్తుంది. చీలమండ దగ్గర 6 నుంచి 8 సెంటీమీటర్ల ముక్కను, మోకాలి దగ్గర కొంత భాగాన్ని వదిలేసి నడుమ భాగం తీస్తారు కాబట్టి నడక పోదు. 1989లో డేవిడ్ హిడాల్గో ఈ ఎముకతో దవడను కట్టే పద్ధతిని ప్రచురించినప్పటి నుంచి ప్రపంచమంతటా ఇది వాడుకలో ఉంది. కానీ మొదటి రెండు రోజుల్లో పిక్క బిగుసుకుపోయి, మందులకు లొంగని నొప్పి వచ్చి, పాదం వేళ్లు కదిపితే ప్రాణం పోయినట్లుంటే అర్ధరాత్రయినా వెంటనే డ్యూటీ డాక్టరును పిలవాలి. లోపల వాపు రక్తప్రసరణను నొక్కేస్తోందేమో వారు చూడాలి. ఇంటికి వచ్చాక రోజూ పాదాన్ని పైకి ఎత్తి, బొటనవేలిని వంచి చూసుకోండి. బొటనవేలి పట్టు కొంత తగ్గడం మామూలే. పాదం పైకి లేవకుండా వేలాడితే మాత్రం చెప్పి తీరాలి.

ఆ కాలికి చర్మం అతికించి ఉంటే, మంచం దిగే ప్రతిసారీ ముందుగానే పాదం వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది వరకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవాలి. కాలు కిందికి వేలాడితే రక్తం దిగి, అతికించిన చర్మం ఊదా రంగుకు తిరుగుతుంది, పొక్కులు కడుతుంది. కూర్చున్నప్పుడు కాలిని దిండు మీద పెట్టండి. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కొన్ని వారాల పాటు కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ చేసిన కాలు ముందు. విజయవాడ కృష్ణలంక, వన్‌టౌన్ వంటి చోట్ల నిటారు మెట్ల ఇళ్లలో ఉండేవారికి ఫిజియోథెరపీ నిపుణులు ఇది వార్డులోనే సాధన చేయిస్తారు. అక్కడే నేర్చుకుని రండి.

ముంజేయి ఫ్లాప్‌ను 1981లో చైనా వైద్యులు ప్రకటించారు. నాలుక, బుగ్గ లోపలి భాగం కట్టడానికి దానంత పలుచని, వంగే కణజాలం దొరకదు. దాని ఖరీదు మణికట్టు పైన కనబడే మచ్చ, బొటనవేలి వెనక కొంత తిమ్మిరి. అతికించిన చర్మం ఒకచోట నిలవక తెల్లగా మెరిసే తాడు లాంటిది కనిపిస్తే అది టెండన్, అంటే కండను ఎముకకు కలిపే తాడు. దాన్ని ఎండనివ్వకూడదు, నర్సులు చూపించినట్లు తడి డ్రెస్సింగు వేస్తూ ఉంటే చాలావరకు దాని మీద కండ పెరిగి మూసుకుంటుంది. కట్టు విప్పాక వేళ్లను, మణికట్టును రోజూ కదిలించాలి.

పొట్ట నుంచి తీసినవారు మొదటి వారం నడుము కొంచెం వంచే నడుస్తారు, పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటారు. కుట్ల మీద లాగుడు తగ్గేది దానితోనే. దగ్గు వస్తే చిన్న దిండును పొట్టకు హత్తుకుని దగ్గండి. బరువుల విషయంలో నాకు రాజీ లేదు. మూడు వారాలకు గాయం బలం మామూలు చర్మంలో ఐదో వంతు మాత్రమే. ఆరు వారాలకు సగం. మూడు నెలలకు సుమారు 80 శాతం, ఆపైన పెరగదు. పైకి మానినట్లు కనిపించినంత మాత్రాన లోపల మానినట్లు కాదు. కాబట్టి 6 నుంచి 8 వారాల వరకు నిండు బిందె, బియ్యం బస్తా, మనవడు, ఇవేవీ ఎత్తకూడదు. గ్యాస్ బండలో గ్యాసు ఒక్కటే 14.2 కిలోలు, దాన్ని జరపనూ కూడదు. లంగా బొందు సరిగ్గా ఆ మచ్చ మీదే బిగుస్తుంది. కనీసం రెండు మూడు నెలలు నైటీగానీ, వెడల్పాటి మెత్తని పట్టీ కుట్టించిన లంగాగానీ వాడమని నేను అందరికీ చెబుతాను. మచ్చ దగ్గర నిలబడినప్పుడు ఉబ్బు కనిపించి పడుకుంటే తగ్గుతుంటే సర్జన్‌కు చూపించండి.

తొడ పక్క నుంచి కండ తీసిన గాయం చాలామందికి తేలికగా మానుతుంది. బయటి వైపు తిమ్మిరి మిగులుతుంది, అంతే. ఛాతీ కండను తిప్పి నోటికి తెచ్చిన వారికి, వీపు కండ తీసిన వారికి భుజం పట్టేయడమే ప్రధాన సమస్య. సర్జన్ అనుమతి ఇచ్చిన రోజు నుంచే గోడ మీద వేళ్లను పాకిస్తూ చేయి పైకి తీసుకెళ్లే వ్యాయామం పూటకు పదిసార్లు చేయాలి.

పథ్యం పేరుతో పస్తు వద్దు

ఆపరేషన్ అయినవారికి గుడ్డు పెడితే చీము పడుతుందని, పప్పు పెడితే పుండు మానదని, వంకాయ దురద పెడుతుందని చెప్పి రెండు వారాల పాటు చారు అన్నంతో సరిపెట్టే ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. రెండు మూడు గాయాలు ఒకేసారి మానవలసిన ఒంటికి ఇది నిజంగా అన్యాయం. కొత్త కణజాలం కట్టేది మాంసకృత్తులతోనే. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా గట్టి పప్పు, చేప లేదా కోడి మాంసం, గుప్పెడు వేరుశనగ గుళ్లు, పెరుగు, ఇవన్నీ కలిస్తేగానీ ఆ లెక్క రాదు. జామకాయ, ఉసిరి, నిమ్మ వంటివి కూడా ఉండాలి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి పలుచటి రాగి జావ ఒక్కటే సరిపోదు. డైటీషియన్ చేత రోజువారీ కొలతలు రాయించుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు, డాక్టరును అడగాలి.

మచ్చ పని గాయం మూసుకున్నాక మొదలవుతుంది

పక్కులన్నీ రాలిపోయి, ఎక్కడా తడి లేకుండా చర్మం మూసుకున్న తరువాత, అంటే సుమారు మూడో వారం చివరన, మచ్చ మీద పని మొదలుపెట్టవచ్చు. ఇక్కడ ఒక విషయం ముందే తెలిసి ఉండాలి: మచ్చ మొదటి మూడు నాలుగు నెలలు బాగుపడదు, పైగా ఎర్రబడి, ఉబ్బి, దురద పెడుతుంది. ఆ తరువాత నెమ్మదిగా చదునై, మెత్తబడి, రంగు తగ్గుతుంది. అంతా సద్దుమణగడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

మర్దనా అన్నిటికంటే చవకైనది, మనవాళ్లు అన్నిటికంటే తొందరగా మానేసేది కూడా. కొద్దిగా కొబ్బరినూనె లేదా వాజ్‌లైన్ రాసి, బొటనవేలును మచ్చ మీద ఆనించి, గోరు కింది భాగం తెల్లబడేంత ఒత్తిడితో నొక్కాలి. వేలు చర్మం మీద జారకూడదు; వేలితోపాటు చర్మమే లోపలి కండ మీద కదలాలి. ముందు గుండ్రంగా, తరువాత మచ్చకు అడ్డంగా, చివరకు నిలువుగా. ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. కింది కండకు అంటుకుపోయిన మచ్చ నొక్కితే లోపలికి గుంటలా లాగుతుంది. అలాంటి చోట ఇంకాస్త సమయం పెట్టండి. చర్మం చిట్లినా, పొక్కినా మానే వరకు ఆపేయాలి. విటమిన్ ఇ నూనె రాస్తే మచ్చ పోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు, కొందరికి దద్దుర్లు వస్తాయి.

మచ్చ ఉబ్బకుండా ఉండటానికి ఎక్కువమంది నిపుణులు మొదట సూచించేది సిలికాన్. పట్టీ అయితే రోజుకు 12 గంటలకు తగ్గకుండా కనీసం రెండు మూడు నెలలు వాడాలి. మన మే నెల ఎండల్లో దాని కింద చెమట పట్టి చెమటకాయలు లేస్తాయి. అందుకని మొదట 4 గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి, పట్టీని రోజూ సబ్బు నీటితో కడిగి ఆరబెట్టండి, నూనె పూర్తిగా తుడిచాకే అంటించండి. పట్టీ నిలవని చోట జెల్ పలుచగా రాసి ఆరనివ్వాలి. చర్మం అతికించిన వెడల్పాటి ప్రాంతాలకు కొలత ఇచ్చి కుట్టించిన ప్రెజర్ తొడుగు వేయమంటారు. స్నానానికి తప్ప రోజంతా, అంటే 23 గంటల పాటు, నెలల తరబడి వేసుకుంటేనే అది పనిచేస్తుంది.

మన చాయ చర్మంలో కొత్త మచ్చ ఎండకు త్వరగా నల్లబడుతుంది, ఆ నలుపు తగ్గడానికి చాలా కాలం పడుతుంది. ముంజేయి ఫ్లాప్ తీయించుకున్నవారు స్కూటర్ మీద వెళ్లేటప్పుడు మోచేతి దాకా వచ్చే నూలు గ్లవ్స్ వేసుకోవాలి, కప్పలేని చోట ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన క్రీము రాయాలి. ఏడాది పాటు ఇది అలవాటు కావాలి. మిర్చి యార్డులో, కల్లాల్లో పనిచేసేవారు చర్మం పూర్తిగా గట్టిపడే వరకు ఘాటు తగలని పని చూసుకోవడం మంచిది. లేత చర్మం మీద చెమటతో కలిసిన మిరప ధూళి పుట్టించే మంట మాటల్లో చెప్పలేనిది. గాయం పూర్తిగా మానే వరకు కృష్ణలోనూ, కాలువలోనూ మునకలు వద్దు.

అతికించిన చర్మంలో చెమట, నూనె గ్రంథులు సరిగా పనిచేయవు. దానికి రోజూ రెండుసార్లు వాజ్‌లైన్ లేదా కొబ్బరినూనె రాయడం కొద్ది నెలలతో ఆగే పని కాదు, ఎప్పటికీ కొనసాగించాలి. దురద రాత్రిళ్లు ఎక్కువైతే గోకకుండా చల్లని తడిగుడ్డ వేసి, డాక్టరు ఇచ్చిన దురద మాత్ర వాడండి.

మచ్చ ఉబ్బినా గాయపు హద్దుల్లోనే ఉంటే అది కాలంతో తగ్గే అవకాశం ఉంది. హద్దు దాటి పక్క చర్మం మీదికి కాయలా పాకితే అది కీలాయిడ్. ఛాతీ నడుమ, భుజాల మీద ఇది ఎక్కువ, కుటుంబంలో ఎవరికైనా ఉంటే ఇంకా ఎక్కువ. దాన్ని నమ్మకంగా గుర్తించడానికి నెలకోసారి, పక్కన స్కేలు పెట్టి, ఒకే కిటికీ వెలుతురులో ఫోనుతో ఫోటో తీసుకోండి. పెరుగుతోందని తేలితే ఆలస్యం చేయవద్దు. ట్రయామ్‌సినలోన్ అనే స్టీరాయిడ్ ఇంజెక్షన్లు 4 నుంచి 6 వారాలకోసారి మచ్చలోకే ఇస్తారు. తొందరగా మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. కీలాయిడ్‌ను కేవలం కోసి తీసేస్తే అంతకంటే పెద్దదిగా తిరిగి రావడం తరచుగా జరుగుతుంది కాబట్టి, కోసేస్తే పోతుందనే మాటను ఎవరు చెప్పినా నమ్మకండి.

ఆగకుండా ఆసుపత్రికి రావలసినవి ఇవి: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల మధ్య నుంచి చీము, నొక్కినా ఆగని రక్తం, అకస్మాత్తుగా పెరిగిన వాపు, గాయం చుట్టూ చర్మం వేడెక్కి కమిలిన రంగు వ్యాపించడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం. ఆయాసం, గుండెల్లో పోటు వస్తే 108కి ఫోన్ చేయండి. కాలిలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని చూడాలి.

మచ్చను సరిచేసే ఆపరేషన్ అడగాలనుకునేవారు కనీసం ఏడాది ఆగాలి, ఎందుకంటే అప్పటి వరకు అది ఇంకా మారుతూనే ఉంటుంది. కీలు మీద మచ్చ బిగుసుకుపోయి మోకాలు చాపలేకపోతున్నా, మణికట్టు వంగకపోతున్నా మాత్రం ఏడాది దాకా ఆగనక్కరలేదు. తరువాతి ఓపీ రోజునే ఆ ఫోటోలూ, డిశ్చార్జి కాగితమూ పట్టుకుని ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి వెళ్లండి.